ఒక దెబ్బ తక్కువ

మా రెండో క్యాసెట్టు బాగోలేదని నా ముఖాన అన్నవాళ్లలో ముగ్గురిని కొట్టాను. బాగుందన్నవాణ్ణి కూడా ఒకణ్ణి కొట్టాను, వాడు వినకుండానే అన్నాడని తర్వాత తెలిసింది కాబట్టి. ఇప్పుడు నన్ను చూసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, చప్పిడి కూర తిని, ఎనిమిదింటికల్లా దుప్పటి ముసుగు పెట్టే మనిషిని. ఆ రోజుల్లో మాత్రం నా నోటికన్నా చెయ్యే ముందు లేచేది. డ్రమ్ము కొట్టేదీ ఆ చెయ్యే, మనిషిని కొట్టేదీ ఆ చెయ్యే. రెంటికీ మధ్య తేడా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా చెవిన పెట్టే రకం కాదనుకోండి.

మొన్న టెక్కలి నుంచి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అక్కడ కాలేజీలో చదువుతోందట. గుమ్మంలో నిలబడి "జీడిమంట డ్రమ్మర్ మీరేనా సార్?" అంది. జీడిమంట మా బ్యాండు పేరు. ఆ పేరు నా ముందు ఎవరైనా ఎత్తి ఎన్నేళ్లయిందో. ఎవరింట్లోనో అటక మీద దొరికిన మా రెండో క్యాసెట్టుని ఎవరో ఇంటర్నెట్టులో పెట్టారట. ఆ అమ్మాయి ఫోను నా ముందు పెట్టి ఒక్కొక్కటే చదివి వినిపించింది. కాలం కన్నా ముందు వచ్చిన పాటలు అని ఒకరు. ఆ ఏడు దెబ్బల లెక్క దగ్గర ఒళ్లు జలదరించిందని ఇంకొకరు. మొదటి క్యాసెట్టు మామూలే, రెండోదే అసలు పని అని మరొకరు. ఒక్కో మాట పక్కనా పైకి లేచిన బొటనవేలి బొమ్మ, దాని కింద మళ్లీ బొటనవేలు. "చూడండి సార్, ఎంతమందికి నచ్చిందో" అని ఆ పిల్ల మురిసిపోతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను లోపల పెట్టమన్నాను. మాట కటువుగానే వచ్చింది. పాపం, బిక్కమొహం వేసుకుని సగం టీ వదిలేసి వెళ్లిపోయింది. ఆమెకి చెప్పకుండా దాచుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు కాశీబుగ్గకి తూర్పున, సముద్రం హోరు ఇంట్లోకి వినపడేంత దూరంలో ఉంటుంది. ఇంటి వెనక కొబ్బరి, దాని వెనక జీడితోట, ఆ తర్వాత ఇసక. మా ఇంట్లో దెబ్బ అనేది అన్నం లాంటిది, పూటకి ఒకసారి తప్పేది కాదు. నాన్న కొబ్బరి మట్టతో కొట్టేవాడు. మట్ట విరిగితే ఇంకోటి తెమ్మని నన్నే పంపేవాడు. నాయనమ్మ వాకిట్లో కూర్చుని, చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ పీలుస్తూ, ఆ నోటితోనే నాన్నని తిట్టేది. "సంపీసీరా, సంపీసి కట్టుకో" అనేది. అంతేగాని లేచి వచ్చి అడ్డుపడేది కాదు. అడ్డుపడేది అమ్మ ఒక్కతే. అమ్మ వస్తే ఆ మట్ట అమ్మ వీపు మీద పడేది. ఆమె ఏడవగా నేను చూడలేదు. దెబ్బ తిన్నాక వంటింట్లోకి పోయి, ఎండు నెత్తళ్లు పెనం మీద వేసి వేయించేది. ఆ వాసన వస్తే గొడవ అయిపోయినట్టు.

జీడిపిక్కల కాలం వస్తే ఇల్లంతా పొగ. తోటలో రాలినవి ఏరుకొచ్చి పెరట్లో రేకు మీద కాల్చేవాళ్లం. పిక్కలోంచి నూనె చిమ్మి ఎక్కడ పడితే అక్కడ చర్మం బొబ్బలెక్కి ఊడిపోయేది. నా మోచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. అమ్మ చేతులకి బూడిద పూసుకుని, రాయి ముందు గొంతుకూర్చుని, చెక్కసుత్తి తీసుకునేది. ఎడం చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పిక్క. టక్కు, టక్కు, ఒక క్షణం ఏమీ వినపడదు, ఆ తర్వాత ఠప్పు. పప్పు చిట్లకుండా గుడ్డు గుడ్డుగా బయటపడేది. మళ్లీ టక్కు, టక్కు, ఖాళీ, ఠప్పు. నేను ఆ చప్పుడు మధ్య పెరిగాను. అన్నం తింటూ కంచం మీద, బళ్లో బల్ల మీద, చెరువులో గేదె వీపు మీద కూడా అదే కొట్టేవాణ్ణి. గురువూ లేడు, పాఠమూ లేదు. నాకు తెలిసిన సంగీతం మొత్తం అంతే. తుపానుకి కొబ్బరి చాలావరకు పడిపోయాక అమ్మ కాశీబుగ్గలో ఒక పిక్కల షెడ్డుకి పనికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ నలభైమంది ఆడవాళ్లు ఒకేసారి కొడుతుంటే, బయట రోడ్డు మీద నిలబడి వినేవాణ్ణి.

లోకనాథం నాకు ఆ రోడ్డు మీదే దొరికాడు. పలాస వాడు, బరంపురంలో చదివి డిగ్రీ తప్పి, ఒక పాత కరెంటు గిటారూ సంచీ నిండా ఇంగ్లీషు క్యాసెట్లూ పట్టుకుని తిరిగొచ్చాడు. పాటలు వాడే రాసేవాడు, వాడే పాడేవాడు. సినిమా పాటలు కావు, భజనలూ కావు. సముద్రం, జీడిపొగ, రైలు తప్పిపోవడం, ఇలాంటివి. ఇంకో ఇద్దరు కలిశారు. పెళ్లిమేళం వాళ్ల దగ్గర పాత డ్రమ్ముల సెట్టు ఒకటి తెచ్చి ఇంట్లో పెడితే, నాన్న కొబ్బరికాయలు కొట్టే కత్తితో పెద్ద డ్రమ్ము తోలు చీరేశాడు. ఆ రోజు మొదటిసారి నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాను. నాన్న కింద పడ్డాడు. లేచి నన్ను కాదు, నా వెనక నిలబడ్డ అమ్మని కొట్టాడు. మర్నాడు అమ్మ ఆ డ్రమ్ముని నెత్తిన పెట్టుకుని కాశీబుగ్గ పోయి కొత్త తోలు వేయించుకుని వచ్చింది. దాన్ని మూలన పెట్టి, "ఈసారి ఆయన కంట పడకుండా ఎట్టుకో" అంది.

మొదటి క్యాసెట్టు పేరు 'పోటు'. విశాఖపట్నం పోయి ఒక్క రోజులో రికార్డు చేసి వచ్చాం. అది ఎలా పాకిందో మాకే తెలీదు. ఆటోల్లో అదే, పెళ్లిళ్లలో అదే, మందస నుంచి టెక్కలి దాకా టీకొట్లలో అదే. అన్నిటికన్నా ఎక్కువ పిక్కల షెడ్డుల్లో. అక్కడి మేస్త్రీ టేప్ రికార్డర్ బల్ల మీద పెట్టి రోజంతా తిప్పేవాడట. సాయంత్రం అమ్మ పొగ వాసనతో ఇంటికొచ్చి, "ఈయాలా నీ పాటే ఏసినారు. సెయ్యి దానంతటదే పోతాది" అనేది. షెడ్డు ఆడవాళ్ల అభిప్రాయం అదే, నా పాటకి చెయ్యి దానంతటదే పోతుందని. ఎంత మంచి మాటో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకంటే బరంపురం నుంచి వచ్చిన లోకనాథం స్నేహితుడొకడు మా పాటలు విని, సిగరెట్టు పొగ వదులుతూ, "అంతా నాలుగు లెక్కే కదా భాయ్, పెళ్లిమేళం వాడు కూడా కొడతాడు" అన్నాడు. పని చేసుకోడానికి పనికొచ్చే పాట అనిపించుకోవడం నాకు నామోషీగా తోచింది.

అందుకే రెండో క్యాసెట్టుకి పంతం పట్టాను. నా టక్కు, టక్కు, ఖాళీ, ఠప్పుని వరసగా రెండుసార్లు రాసుకుని చూశాను. ఎనిమిది. రెండోసారి వచ్చే ఖాళీని కొట్టేశాను. ఏడయింది. అక్కడ ఎలాగూ ఏమీ వినపడదు కదా, ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నాను. వాయించి చూస్తే పాట ముందుకి తూలి పడబోయినట్టు అదొక రకంగా ఉంది. లోకనాథం కళ్లు మెరిశాయి. "ఒరే, ఇది మనదేరా, ఇలగ ఎవులూ కొట్టనేదు" అన్నాడు. క్యాసెట్టులో ఎనిమిది పాటలుంటే ఆరు ఈ లెక్కలోనే చేశాం. కాశీబుగ్గలో ఒక ఖాళీ గోడౌనులో మూడు నెలలు చేతులు పుళ్లు పడేలా సాధన చేశాను. కర్రలకి నా రక్తం అంటుకునేది. అది చూసుకుని మరింత గర్వపడేవాణ్ణి.

క్యాసెట్టు బయటికి వచ్చి వారం తిరక్కుండా జనం అభిప్రాయాలు రావడం మొదలయ్యాయి. హరిశ్చంద్రపురం స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్నాం. ఒకడు నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చుని, "మీ కొత్త టేపు ఇన్నాను బావా. మెషినే పాడైపోనాదేమో అనుకుని సెల్లులు రెండుసార్లు మార్సినాను" అన్నాడు. వాడు వెటకారానికి అనలేదు, నిజంగానే మార్చాడు. నేను వాడి చొక్కా పట్టుకుని లేపి సిమెంటు బల్లకేసి కొట్టాను. కనుబొమ్మ చిట్లి కళ్లలోకి రక్తం కారుతుంటే, వాడు నన్ను తిట్టడం మాని, "ఏటన్నానని? ఏటన్నానని కొడతన్నావు?" అని అడుగుతూనే ఉన్నాడు. రెండోవాడు కాశీబుగ్గ బస్టాండు ముందు టీకొట్టు ఆయన. మొదటి క్యాసెట్టు అరిగిపోయేలా వేసిన మనిషి. రెండోదాన్ని ఒక్క పూట వేసి, రీలు మొత్తం లాగేసి, కాకులు వాలకుండా కొట్టు ముందు తోరణంలా కట్టాడు. ఎండకి మెరుస్తూ గాలికి ఊగుతోంది నా మూడు నెలల సాధన. గ్లాసుల బల్ల తలకిందులు చేసి, ఆయన ముక్కు మీద గుద్దాను. మరుగుతున్న పాలగిన్నె ఆయన కాలి మీద ఒలికింది. ఆ కేక విని కూడా నేను తగ్గలేదు, జనం వచ్చి లాగితే తగ్గాను.

కోటబొమ్మాళిలో మా ప్రోగ్రాం పెట్టించారు. మొదటి క్యాసెట్టు పాటలు పాడినంతసేపూ ఈలలు, చప్పట్లు. ఏడు లెక్క ఎత్తుకోగానే ముందు వరసలో చిందులేస్తున్నవాళ్లు ఒకరి కాలు ఒకరు తొక్కుకున్నారు. తొక్కించుకున్నవాడు తొక్కినవాణ్ణి తోశాడు. అటు నుంచి కుర్చీ లేచింది. రెండు నిమిషాల్లో మైదానమంతా తన్నులాట, ఆ తన్నులాటకి కారణం మేమేనని ఎవడికో తోచి రాళ్లు మా మీదకి తిరిగాయి. లోకనాథం నుదురు పగిలింది. నేను స్టేజీ దిగి చేతికందినవాణ్ణల్లా కర్రలతో బాదాను, వాళ్లు నా పక్కటెముక ఒకటి విరిచి పంపించారు. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. జనానికి చెవుల్లేవు అన్నాను. మా ఊళ్లో భజన కట్టే ముసలాయన ఒకాయన ఉండేవాడు, నాకు తాత వరస. ఆయన మాత్రం నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. "ఏడు లెక్క మాకూ ఉన్నాది నాయినా. మేం ఏడు కొడితే ఏడూ కొడతాం. నువ్వు ఎనిమిది ఎత్తుకుని ఒకటి దొంగిలించినావు." ముసలాయన్ని కొట్టలేక ఇంటికొచ్చి గోడని గుద్దుకున్నాను. పిడికిలి వాచి వారం రోజులు ముద్ద మింగడానికి ఎడం చెయ్యి వాడాను.

ఆ వారంలోనే అమ్మ ఎడం చేతికి పెద్ద కట్టుతో ఆసుపత్రి నుంచి వచ్చింది. బొటనవేలు మొదటి కణుపు దాకా తీసేశారు. ఏమైందంటే, "సెడ్డు తలుపులో పడిపోనాది" అంది. నాకు నా గొడవే నాది. తలుపుని ఒక తిట్టు తిట్టి ఊరుకున్నాను. నాన్న ఆ ఒక్కసారీ ఎవరినీ కొట్టలేదు. అమ్మ మంచం దగ్గర గోడవేపు తిరిగి కూర్చున్నాడు. ఆ ఇంట్లో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

మా మేనమామ కొడుకు తవిటినాయుడు ఆటో నడిపేవాడు. రోజూ పొద్దున్నే మా ఊరి ఆడవాళ్లని షెడ్డుకి దింపేది వాడే, అమ్మని ఆసుపత్రికి మోసుకుపోయిందీ వాడే. రెండు వారాలు ఆగి ఒకరోజు గోడౌనుకి వచ్చాడు. నేను డ్రమ్ములు బిగించుకుంటున్నాను.

"నీ పాట గురించి నానేటీ అనను బావా," అన్నాడు. "ఆ టేపు మాత్రం సెడ్డుల్లో ఎయ్యొద్దని సెప్పు. మీయమ్మ ఏలు తలుపులో పడనేదు. నీ పాటలో పడ్డాది."

వెటకారం అనుకున్నాను. నా వెనక వీడు కూడా నవ్వుకుంటున్నాడు అనుకున్నాను. డ్రమ్ముల పక్కన తాళం బిళ్లని నిలబెట్టే ఇనప కడ్డీ చేతిలో ఉంది, దాంతో దవడ మీద కొట్టాను. తవిటి మోకాళ్ల మీద కూలబడ్డాడు. అరచెయ్యి నోటి దగ్గర పట్టుకున్నాడు, అందులో రెండు పళ్లు పడ్డాయి. తిరగబడతాడనుకుని కడ్డీ మళ్లీ ఎత్తాను. వాడు కదల్లేదు. తుండు నోటికి అదుముకుని, ముద్దముద్దగా చెప్పుకొచ్చాడు.

"మీయమ్మే టేపు అట్టుకెల్లి మేస్త్రీకి ఇచ్చినాది. మా గుంటడు కొత్తది కొట్టినాడు, ఎయ్యి అన్నాది. పాట మొదలైన కాడ నుంచీ ఎవులికీ సెయ్యి కలవనేదు. అందరూ సుత్తులు ఆపీసినారు. ఆపీమని అరిసినారు. మీయమ్మ ఆపనేదు. నా కొడుకు కొట్టినది నాకు కలవకపోతే ఇంకెవులికి కలుత్తాది అన్నాది. రెండో పిక్కకే పడిపోనాది. ఇంకోటి కొడతావా, కొట్టీ. కొట్టీసి ఎల్లి అత్తని అడుగు."

కడ్డీ కింద పడేశాను. తవిటిని ఆటోలో కూర్చోబెట్టి ఆసుపత్రి దాకా నేనే నడిపాను. తవిటి తర్వాత పళ్లు కట్టించుకున్నాడు. నాతో మాట మానలేదు, ఎందుకు మానలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఫోనులో ఆ అమ్మాయి చదివిన మాటలు వింటున్నప్పుడు నాకు వాడి దవడే కనిపించింది. ఇప్పుడు పాట నచ్చిందన్నా నచ్చలేదన్నా ఎవరికీ ఏమీ పోదు. ఎక్కడో కూర్చుని ఒక మాట పడేసి అన్నం తింటారు. మంచిదే, నాలాంటివాడి చేతికి దొరకరు. అప్పుడు నా పాట బాగోలేదని చెప్పాలంటే మనిషి నా ఎదురుగా రావాలి, దెబ్బ తినడానికి సిద్ధపడి రావాలి. అలా వచ్చిన ప్రతివాడూ నా మంచే కోరాడు. నేను వాళ్ల ముఖాలు పగలగొట్టాను. ఏడు లెక్క గొప్పదని ఇప్పుడు అంటున్నవాళ్లు అబద్ధం చెబుతున్నారని అనను. వాళ్ల చేతుల్లో పిక్క లేదు, అంతే.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పెరట్లోంచి చప్పుడు వినపడుతోంది, నా చప్పుడే. అమ్మ రాయి ముందు కూర్చుని ఉంది. కట్టు కట్టిన చేతికి బూడిద పూసుకుంది. సగం బొటనవేలుతో పట్టు దొరకదు కాబట్టి చూపుడువేలూ నడివేలూ మధ్య పిక్కని ఇరికించుకుని, పెదాలు కదుపుతూ లెక్క పెట్టుకుంటూ, ఏడు లెక్క కొడుతోంది. ఏడో దెబ్బ దగ్గర సుత్తి వేళ్లకి వెంట్రుకవాసిలో ఆగింది. కట్టు మీద ఎర్రగా తడి ఉంది.

"ఏటి సేత్తన్నావమ్మా?" అన్నాను.

"నీ పాట పట్టుకుంతన్నాను. ఎక్కడో తప్పు కొట్టీసినాను ఆ రోజు. రేపు పనికెల్తే మల్లీ ఏత్తారు కదా."

సుత్తి లాక్కున్నాను. ఆమె ముందు కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు. తప్పు నువ్వు కొట్టలేదమ్మా, నీ దగ్గర నేర్చుకున్న దాంట్లోంచి ఒకటి నేనే తీసేశాను అని చెప్పాను.

"తీసీసినావా?" అంది. కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. "ఏది?"

"టక్కు టక్కు తరవాతది. అక్కడ ఏటీ ఇనపడదు కదా, ఎందుకూ అక్కర్లేదనుకున్నాను."

అమ్మ నా చేతిలోంచి సుత్తి తీసుకుంది. చిన్నపిల్లాడికి చూపించినట్టు ఒక పిక్కని రాయి మీద పెట్టి రెండుసార్లు తట్టింది. తట్టి, సుత్తి గాల్లోనే ఆపి, మిగిలిన వేళ్లని పిక్క మీంచి మెల్లిగా వెనక్కి తీసింది.

"అక్కడే కదరా సెయ్యి తీసుకుంతాం," అంది.